నేను రాయని జవాబులు

మా మేనకోడలి కూతురికి ఈ మధ్య ఉద్యోగం వచ్చింది. మనసు బాగోలేని కాలేజీ పిల్లలు ఫోన్లో రాసినవి చదివి జవాబు రాయడం ఆ పిల్ల పని. మొన్న వచ్చినప్పుడు "మీ రోజుల్లో ఇలాంటివి లేవు కదా అమ్మమ్మా" అంది. ఉండేవన్నాను. బిలాస్‌పూర్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో రెండు వేల ఎనిమిది దీపావళి వెళ్ళాక మొదలుపెట్టాం. అది నడిపింది నేనే, పాడుచేసింది కూడా నేనే. ఆ పిల్లకి సగం చెప్పి మాట మార్చేశాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. అలాంటి ఉద్యోగాల్లో ఉన్న మీకోసం.

ఆ కాలేజీలో నేను మనస్తత్వ శాస్త్రం చెప్పేదాన్ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో గ్యాంగు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. తార్‌బహార్‌లో ఇల్లు కట్టుకున్నాం. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. మా ఆయనకి కోర్బాలో ఉద్యోగం, ఆదివారాలు వచ్చేవారు.

ఒక వర్క్‌షాపుకి వెళ్ళొచ్చి ఈ పద్ధతి నేర్చుకున్నాను. విద్యార్థి పేరు చెప్పక్కర్లేదు, ఒక నంబరు తీసుకుంటే చాలు. కాలేజీ వెబ్‌సైటులో ఎనిమిది పాఠాలుంటాయి. ఊపిరి ఎలా తీసుకోవాలి, వచ్చిన ఆలోచనని పక్కన పెట్టి ఎలా చూడాలి, రోజుని ఎలా పంచుకోవాలి, అలాంటివి. ప్రతి పాఠం కిందా ఒక ఖాళీ పెట్టె. అందులో తనకేమైందో రాస్తే, వారం తిరిగేలోగా మార్గదర్శి చదివి నాలుగు వాక్యాలు జవాబిస్తుంది. ఆ మార్గదర్శి నేనే. పాఠాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఎవరో ఒక మనిషి చదువుతోందన్న నమ్మకమే ఇందులో అసలు మందు. వర్క్‌షాపులో ఈ మాట మాకు మూడుసార్లు చెప్పారు, నేను మూడుసార్లూ రాసుకున్నాను.

వెబ్‌సైటు తయారుచేసినాయన మా కంప్యూటర్ లెక్చరరు. ముప్ఫై ఏళ్ళ బెంగాలీ, తక్కువ మాట్లాడేవాడు. నలభై మంది దాకా చేరారు. అందరూ హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. ఒక్క తొమ్మిదో నంబరు మాత్రం మధ్యలో "ఏటి చేస్తాం" అని రాసింది. మనవాళ్ళ పిల్లే అనుకుని ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. జవాబులో నేనూ ఒక తెలుగు ముక్క కలిపినట్టున్నాను.

మొదటి మూడు వారాలూ గడువు తప్పకుండా జవాబులు రాశాను. నాలుగో వారంలో అమ్మ వాకిట్లో పడింది. దెబ్బ చిన్నదే కానీ, అప్పటికి ఏడాదిగా జారుతున్న జ్ఞాపకం ఆ తర్వాత ఒక్కసారిగా కూలిపోయింది. నన్ను "అప్పా" అని పిలిచేది. అది వాళ్ళ అక్కని పిలిచే పిలుపు. పొద్దున్నే చీర మార్చుకుని, రైలు టైమైపోతోందని గుమ్మంలో నిలబడేది. అద్దంలో తనని చూసి, ఎవరో వచ్చారు కూర్చోమనమనేది. పని మనిషిని పెట్టాను గానీ, పన్నెండింటికి ఆమె అన్నానికి ఇంటికి వెళ్తే నాకు ధైర్యం చాలేది కాదు. గురువారం పన్నెండు నుంచి నాకు క్లాసు లేదు. ల్యాబులో కూర్చుని పిల్లలకి జవాబులు రాస్తానని ప్రిన్సిపాల్ గారిని అడిగి తీసుకున్న గంట అది. ఆ గంటలో ఇంటికి పరిగెత్తడం మొదలుపెట్టాను. స్టాఫ్ రూములో మాత్రం "ల్యాబుకి వెళ్తున్నా" అనే చెప్పేదాన్ని.

ఒక వారం, రెండు వారాలు, చివరికి ఆరు వారాలు. రేపు రాద్దాం, ఆదివారం రాద్దాం అనుకుంటూనే ఉన్నాను. జవాబు రాయని ఉత్తరాలు పేరుకుంటున్న కొద్దీ ఆ పేజీ తెరవాలంటే భయం పట్టుకుంది. మీటింగులో ప్రిన్సిపాల్ గారు అడిగితే "చక్కగా నడుస్తోంది సర్" అన్నాను.

ఫిబ్రవరిలో ఒక సోమవారం గుండె దిటవు చేసుకుని కంప్యూటర్ మాస్టారి గదిలో పేజీ తెరిచాను. జవాబు రాయాల్సినవి ఎన్నున్నాయో పైన ఒక అంకె కనపడుతుంది. వందైనా ఉంటుందనుకున్నాను. సున్నా ఉంది.

ఏదో చెడిపోయిందనుకున్నాను. ఒక్కొక్క నంబరే తెరిచాను. ప్రతి ఉత్తరం కిందా జవాబు ఉంది. కింద "మీ మార్గదర్శి" అని నేను పెట్టే సంతకమే. మాస్టారిని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపి, నేను కాదు మేడమ్, మీ పేరు మీదే వెళ్ళాయి అన్నారు.

కూర్చుని చదివాను. నాలుగు వాక్యాల చొప్పున రాసే నా పద్ధతే. ముందు ఆ పిల్ల రాసిన మాటనే తిప్పి చెప్పడం, తర్వాత ఒక ప్రశ్న, తర్వాత చిన్న పని. అంతా నాలాగే ఉంది, ఒక్కోచోట నాకంటే బాగుంది. క్లాసులో కూర్చుంటే గుండె దడ వస్తోందని ఇరవై మూడో నంబరు రాస్తే, దాని కింద జవాబు ఇలా మొదలైంది: "ముందు కుదురుగా కూకో. తర్వాత నీ పాదాలు నేలకి తగులుతున్నాయో లేదో చూడు."

మిగతాదంతా హిందీ. కుదురుగా కూకో అన్న రెండు మాటలే తెలుగు.

అవి మా అమ్మ మాటలు. చిన్నప్పుడు జ్వరమొస్తే, పరీక్షంటే ఏడిస్తే, మంచం అంచున కూర్చోబెట్టి అనేది. ఇక ముందుకు చదవలేక పేజీ మూసేశాను. ఆ జవాబు నేనే రాశానేమో అనిపించింది. రాసి, మర్చిపోయానేమో.

మీకు నవ్వు రావచ్చు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉండుంటే రాదు. అమ్మ కూడా మొదట్లో ఇలాగే ఉండేది. కూర తనే వండి, ఎవరు వండారని అడిగేది. నాకప్పటికి నలభై ఏడు. అమ్మకి మొదలైన వయసు ఎంతో లెక్క వేసుకుని, ఆ లెక్క నచ్చక మళ్ళీ వేశాను. మర్నాటి నుంచి ఒక పుస్తకంలో చేసిన ప్రతి పనీ రాయడం మొదలుపెట్టాను. ఎనిమిదిన్నర, అన్నం వండాను. తొమ్మిదింబావు, తాళం వేశాను. సాయంత్రం చదివితే అన్నీ గుర్తున్నాయి. గుర్తులేనివి రాసి ఉండను కదా అని అప్పుడు తోచింది. ఇంక ఆ పుస్తకం వల్ల ధైర్యం రాలేదు.

బుధవారం మాస్టారు ఒక కాగితం తెచ్చారు. జవాబులు ఏ కంప్యూటర్ నుంచి ఎప్పుడు వెళ్ళాయో అందులో ఉంది. దాదాపు అన్నీ ల్యాబులో కిటికీ పక్క మూల కంప్యూటర్ నుంచే, గురువారాలు పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్యే వెళ్ళాయి. అది నేను కూర్చునే కుర్చీ. నా గంట.

స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే హిందీ మేడమ్‌ని మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను, గురువారం పన్నెండింటికి నేనెక్కడుంటానని. ఆవిడ కాపీలు దిద్దుతూ తలెత్తకుండానే ల్యాబులో ఉంటారు కదా, ఇంకెక్కడుంటారు అంది. నేను ఇంటికి వెళ్ళేదాన్నన్నది నాకూ అమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ సాక్ష్యం పనికిరాదు. ఇక నా మాట నేనే నమ్మాలి, ఆ రోజు అది చేతకాలేదు.

గురువారం పన్నెండు కాకముందే వెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చున్నాను. ఎవరో ఒకరు వస్తారు, వచ్చి నన్ను చూసి ఆగిపోతారు అనుకున్నాను. పిల్లలు వచ్చారు, ప్రింట్లు తీసుకున్నారు, వెళ్ళారు. ఆ కుర్చీ వైపు ఎవరూ రాలేదు. పన్నెండున్నరకి చేసేదేమీ లేక వెబ్‌సైటు తెరిచాను. పాస్‌వర్డు అడగలేదు. నా పేరుతో తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది. గుర్తుపెట్టుకో అన్న గడిలో ఎప్పుడో నేనే టిక్కు పెట్టానని అప్పుడు తెలిసింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా వాళ్ళు నేనైపోతారు.

అంటే నేను కాకపోవచ్చు. ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి తేలిగ్గా తీసుకున్నాను. అంతలోనే పైనున్న సున్నా ఒకటయింది. ఇరవై మూడో నంబరు నుంచి ఉత్తరం.

"మేడమ్, బయలుదేరుతున్నాను. మీరు చెప్పినట్టే మీరు వచ్చేదాకా ఏమీ చెయ్యను."

దాని పైనున్నది చదివాను. అది ముందురోజు సాయంత్రం నా పేరుతో వెళ్ళింది. "రేపు రెండింటికి ఉస్లాపూర్ స్టేషనుకి రా. ప్లాట్‌ఫాం మీద ఉంటాను. నీ వయసులో నేనూ ఒకసారి అక్కడికే వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాను. తర్వాత లేచి ఇంటికొచ్చాను. ఎలా వచ్చానో చెప్తాను. నన్ను చూసేదాకా ఆగు." దానికి ముందు ఇరవై మూడు రాసిన ఉత్తరాలు ఐదారున్నాయి. వాటిలో ఏముందో ఇక్కడ రాయను. వచ్చిన వారమే నేను చదవాల్సినవని మాత్రం చెప్తాను.

పరిగెత్తి మాస్టారికి చెప్పాను, ఆయన స్కూటరు తీశారు. స్టేషను బయట ఆగి, నేనిక్కడే ఉంటాను, చెయ్యూపితే వస్తాను అన్నారు. లోపలికి నడిచాను. నన్ను బాగా ఎరుగుననుకున్న మనిషి లోపల ఎదురుచూస్తోంది. ఆ మనిషి నాకు తెలియదు. ఆమెకి తెలిసిన నేను కూడా నాకు తెలియదు.

కట్నీ వైపు వెళ్ళే పాసింజరు అప్పుడే వెళ్ళిపోయినట్టుంది, ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది. జామకాయల గంప పక్కన ఒక ముసలామె. నడిమి బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక అమ్మాయి. ఆ పిల్లని నేనెరుగుదును. మా రెండో సంవత్సరం క్లాసులో మూడో వరసలో కూర్చుంటుంది. లాల్‌ఖదాన్‌లో ఉండే మనవాళ్ళే, తండ్రి రైల్వే గ్యాంగుమాన్. దగ్గరికెళ్ళి, నువ్వేనా ఇరవై మూడని అడిగాను.

"కాదు మేడమ్. నాను తొమ్మిది." చెయ్యెత్తి ప్లాట్‌ఫాం చివర చూపించింది. "ఆ పిల్ల అక్కడుంది."

ప్లాట్‌ఫాం వాలుగా నేలలో కలిసేచోట తెల్ల చున్నీ వేసుకున్న మనిషి అటు తిరిగి నిలబడుంది.

"జవాబులు రాసింది నువ్వేనా?"

తలూపింది.

"మరి ఇక్కడ కూర్చున్నావేటి? ఎల్లలేదేటి?"

"నాను ఎల్తే మేడమ్ లేదని తెలిసిపోద్ది గదా."

పొద్దున్నుంచి కాలేజీలో నన్ను కలిసి చెప్పాలని మూడుసార్లు స్టాఫ్ రూము దాకా వచ్చిందట. ధైర్యం చాలక వెనక్కెళ్ళి, చివరికి ఇక్కడికొచ్చి కూర్చుందట. మీరు ఎలాగో రావాలని మనసులో అనుకుంటూ కూర్చున్నానంది. నేను రావడానికి ఏ దారీ లేదని ఆ పిల్లకీ తెలుసు.

ప్లాట్‌ఫాం చివరికి నడిచాను. ఇరవై మూడు నా అడుగులు విని తిరిగింది. పల్చటి ముఖం. ముంగేలీ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది, వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఇవన్నీ తర్వాత తెలిశాయి. నన్ను చూడగానే ఆ ముఖం వదులైంది. ఎన్నాళ్ళుగానో తెలిసినదాన్ని చూసినట్టు చూసింది. వచ్చారా అంది. తర్వాత, మీరు కూర్చున్న బెంచీ ఏది మేడమ్ అని హిందీలో అడిగింది.

ఒక్క వేలు చూపిస్తే సరిపోయేది. ఆ క్షణంలో ఏం చెయ్యాలో నేను చదివిన ఏ పుస్తకమైనా అదే చెప్పేది, నమ్మకం చెడగొట్టకు అని. కానీ ఆరు వారాలుగా ప్రిన్సిపాల్ గారితో, స్టాఫ్ రూముతో, నాతో నేను అబద్ధమాడుతున్నాను. ఇంకొకటి నోట్లోంచి రాలేదు. అది ధైర్యమో అలసటో ఇప్పటికీ తెలియదు.

"కూర్చున్నది నేను కాదమ్మా. ఆ ఉత్తరాలు నేను రాయలేదు. ఇన్ని వారాలుగా నీవి నేను చదవనేలేదు. చదవాల్సింది నేనే."

ఆ పిల్ల ముఖంలో ఏదో ఆరిపోయింది. అదే సమయానికి వెనకనుంచి హారన్ వినపడింది. బొగ్గు గూడ్సు, ఆ స్టేషన్లో ఆగదు. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. విడిపించుకోలేదు, నా వైపు చూడనూ లేదు. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. కాళ్ళ కింద నేల కదులుతోంది, కళ్ళల్లో బొగ్గు నలుసులు పడుతున్నాయి, ఒక్క మాటా వినపడే వీలు లేదు. నా చేతిలో ఆ పిల్ల నాడి కొట్టుకోవడం తెలుస్తోంది. దానికి నా బలం సరిపోదని కూడా తెలుస్తోంది. తను లాగితే నేను ఆపలేను.

లాగలేదు. చివరి వ్యాగను వెళ్ళాక, ఇంకో చెయ్యి ఆమె రెండో మణికట్టుని పట్టుకుని ఉండడం చూశాను. తొమ్మిదో నంబరు ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"ఆ బెంచీయే," అని హిందీలో చెప్పింది, తను లేచి వచ్చిన బెంచీని చూపించి. "పోయినేడు కూర్చున్నాను. పద, చూపిస్తా."

ఇద్దరూ నడిచారు. నేను వెనక నడిచాను. ముగ్గురం ఆ బెంచీ మీద కూర్చున్నాం. జామకాయల ముసలామె అడక్కుండానే మూడు కాయలు కోసి ఉప్పూ కారం జల్లి తెచ్చిచ్చింది. చాలాసేపు ఎవరం తినలేదు. తర్వాత ఇరవై మూడు తింది.

తొమ్మిది చెప్పిన సంగతి ఇది. పోయినేడు పరీక్ష తప్పినప్పుడు తనే ఆ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి ఆ మాట బయటపెట్టింది నాలుగో పాఠం కింద ఖాళీ పెట్టెలో. జవాబు కోసం ఒక వారం చూసింది, రెండు వారాలు చూసింది. మూడో గురువారం మూల కంప్యూటర్ దగ్గర కూర్చుంటే తన పేజీ బదులు నా పేజీ తెరుచుకుంది. అందరి ఉత్తరాలూ, జవాబు లేకుండా, తన ఉత్తరంతో సహా.

"మొదటి జవాబు ఎవరికి రాసావు?" అని అడిగాను.

"నాకే రాసుకున్నాను మేడమ్. మీ పాత జవాబులు చూసి, మీరైతే ఏటి రాస్తారో అలాగ. కుదురుగా కూకో అని మొదట్లో మీరే రాసారు కదా నాకు. రాసీసి, బయటికెళ్ళి, నీళ్ళు తాగొచ్చి, మళ్ళీ నా నంబరుతో తెరిచి చదువుకున్నాను. బాగనిపించింది. మరి మిగిలినోళ్ళకి?"

మిగిలినవాళ్ళకి కూడా రాసింది. నాలుగు వారాల్లో వందకి పైగా. రాసే కొద్దీ తనకి నిద్ర తగ్గిందని, అందరివీ తలలో తిరుగుతున్నాయని మెల్లగా చెప్పింది. పందొమ్మిదేళ్ళు నిండని పిల్ల నా బరువు మోసింది. మోస్తోందని ఎవరికీ తెలియదు. ఆ బెంచీ మీద నాకిద్దరు విద్యార్థులున్నారని, వాళ్ళలో ఏ ఒక్కరినీ ఆ పూట ఒంటరిగా ఇంటికి పంపకూడదని అప్పుడు అర్థమైంది. మాస్టారికి చెయ్యూపాను.

ఇరవై మూడుని ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మర్నాడు వాళ్ళన్న వచ్చాడు, మొదట కోప్పడ్డాడు, తర్వాత చెల్లెలి పక్కన నేలమీద కూర్చున్నాడు. ఏడాది చదువు ఆపి, మందులు వాడి, తిరిగొచ్చింది. తొమ్మిదో నంబరు వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది. నన్ను తిట్టడానికి వచ్చిందనుకున్నాను, తిట్టే హక్కు ఉంది కూడా. ఆవిడ మా అమ్మ పక్కన కూర్చుని, రైలు టైమింకా అవలేదు పిన్నీ అంటూ జడ వేసింది. వెళ్తూ గుమ్మంలో ఆగి, ఇకమీద మా పిల్లతో రాయించకండి అని ఒక్కమాట అంది.

ప్రిన్సిపాల్ గారికి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను, ఆ పిల్ల ఎవరన్నది తప్ప. కంప్యూటర్ ఎవరు వాడారో చెప్పమని మాస్టారిని అడిగారు. ఆయన, మేడమ్ లాగౌట్ చెయ్యలేదు సర్, అంతవరకే నాకు తెలుసు అన్నారు. అది నిజమే. వెబ్‌సైటు మూసేశారు. మరుసటి ఏడు మళ్ళీ తెరిచినప్పుడు చదివేవాళ్ళం ఇద్దరం ఉన్నాం. రెండు రోజులు జవాబు లేని ఉత్తరం ఉంటే మాస్టారి ఫోను మోగేది. మార్గదర్శి ఎవరో, ఏ గదిలో కూర్చుంటుందో మొదటి పాఠంలోనే రాశాం. నాకు వీలుపడని వారం వీలుపడదని చెప్పడం నేర్చుకున్నాను. ఆ ఒక్క వాక్యం రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

నా జ్ఞాపకం సంగతి అడుగుతారేమో. ఇప్పటిదాకా బాగానే ఉంది. కానీ ఆ రెండు మాటలూ తొమ్మిదో నంబరుకి నేనే రాశానన్నది మాత్రం, తర్వాత పేజీ తెరిచి కళ్ళారా చూసినా గుర్తుకు రాలేదు.

రిటైరయ్యాక ఒకసారి బిలాస్‌పూర్ స్టేషన్లో ఇరవై మూడు కనపడింది. ముంగేలీ దగ్గర బడిలో టీచరుగా ఉంది, చంకలో పాప. తనే గుర్తుపట్టి వచ్చింది. ఆ ఉత్తరాలన్నీ అప్పట్లోనే ప్రింటు తీసి దాచుకున్నానంది. తొమ్మిదితో ఇప్పటికీ మాట్లాడుతుందట. ఆమె రాసినవి కొన్ని నోటికొచ్చంటూ రెండు వాక్యాలు చెప్పి నవ్వింది. తర్వాత మర్యాదకి నావి కూడా గుర్తుచేసుకోబోయి ఆగింది.

"మొదటి మూడూ మీవే కదా మేడమ్. ఏమీ అనుకోకండి, వాటిలో ఏముందో గుర్తులేదు."

నాకూ గుర్తులేదన్నాను.